తిరిగొచ్చిన పంతొమ్మిది

“ముప్పై ఒకటి,” అన్నాడు వ్యాను డ్రైవరు.

“వెళ్ళినవా, తిరుగుతున్నవా?” అంది మేడం, కళ్ళ దగ్గర్నుంచి బైనాక్యులర్ దించకుండానే.

“తిరుగుతున్నవే.”

“మరైతే నొక్కకు.”

రెండు నెలలుగా ఇదే పాఠం. చలికాలం ముందు డేగలు గుంపులు గుంపులుగా దక్షిణానికి పోతాయి. కొండ మీది ఈ చెక్క మంచె ఎక్కి వాటిని లెక్కపెట్టాలి. వేడిగాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకి లేచేటప్పుడు అవి లెక్కలోకి రావు. ఎదురుగా ఉన్న వాటర్ ట్యాంకు దాటితేనే వెళ్ళినట్టు. దాటినవి మనసు మార్చుకుని వెనక్కొస్తే మళ్ళీ తీసెయ్యాలి. అందుకే చేతికొకటి చొప్పున, నొక్కితే ఒక్కో అంకె పెరిగే రెండు మీటలు. కుడిచేతిది వెళ్ళినవాటికి, ఎడమచేతిది తిరిగొచ్చినవాటికి.

అతనికి డేగకీ గద్దకీ తేడా తెలిస్తే ఒట్టు. పక్షుల మీద ప్రేమ పొంగుకొచ్చి వచ్చినవాడు కాదు మరి. పోయిన చలికాలంలో, సైకిల్ మీద వెళ్తున్న పదిహేనేళ్ళ అమ్మాయి అతని రొట్టెల వ్యాను కింద పడి చనిపోయింది. ఎండ కళ్ళల్లో కొట్టిందని కోర్టులో చెప్పాడు. నమ్మారు. ఊరికి పనికొచ్చే పని మూడొందల గంటలు చెయ్యి, ఈ నెలాఖరులోగా పూర్తి కాకపోతే ఆర్నెల్లు జైలు, అన్నాడు జడ్జి.

ముందు పార్కులు ఊడ్చే పనికి వేశారు. డేగల లెక్క చూసే ఈ మేడమే అడిగి మరీ మంచె మీదికి వేయించుకుందట. ఎందుకో అతనికి అంతుపట్టలేదు. ఈ చలిగాలికి ఇంకెవడూ దొరికుండడులే అనుకుని ఊరుకున్నాడు.

ఆ ప్రమాదం జరిగినప్పట్నుంచి మనిషి మొద్దుబారిపోయాడు. ఒక్కసారీ ఏడవలేదు. ఆకలేస్తే తింటాడు, రుచి తెలీదు. భార్య అతని చెయ్యి తన కడుపు మీద పెట్టుకుని “తంతోంది చూడు” అంటే, “ఊఁ” అని చెయ్యి తీసుకున్నాడు.

మేడం కూడా తక్కువేం తినలేదు. నవ్వదు, కసరదు. ఆ చూపు చూసి అతను లోలోపల పెట్టుకున్న పేరు డేగమ్మ. కేసు సంగతి ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు. సాయంత్రం ఐదింటికి లెక్క రాసిన పేజీ మూసేముందు మాత్రం తప్పనిసరిగా ఒకటే ప్రశ్న.

“ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?”

“ఏం లేదు మేడం.”

అతని కాగితం మీద గంటలు వేసి సంతకం పెట్టేది.

ఇవాళ ఆఖరి రోజు. రెండొందల తొంభై తొమ్మిది గంటలు పూర్తయ్యాయి. ఈ ఒక్క గంటా గట్టెక్కితే ఒడ్డున పడ్డట్టే. పది రోజుల్లో భార్యకి పురుడు. తప్పు లెక్క రాసిన గంట చెల్లదని మేడం మొదటి రోజే చెప్పింది. రేపటికి మంచె కూడా మూసేస్తారు.

నాలుగున్నరకి ఆ ముప్పై ఒకటీ ట్యాంకు దాటాయి. ముప్పై ఒక్కసార్లు కుడి మీట నొక్కాడు. మేడం అటు తిరిగి ఇంకో దిక్కు చూస్తోంది. జేబులో ఫోను వణికింది. నొప్పులేమోనని ఎడమ మీట పక్కన పెట్టి ఆ చేత్తో తీశాడు. ‘వచ్చేప్పుడు సబ్బు తీసుకురా’ అని ఉంది.

తలెత్తేసరికి ట్యాంకు అవతల పన్నెండే ఉన్నాయి. మిగతావి వెనక్కొచ్చి చెట్లలోకి దిగిపోతున్నాయి. ఎడమచేతిలో ఇంకా ఫోను ఉంది. నొక్కలేదు.

ఐదైంది.

“వెళ్ళినవి ముప్పై ఒకటి, తిరిగొచ్చినవి సున్నా. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?”

ఏం లేదు అనబోయాడు. పక్కనున్న ఎడమ మీట వైపు చూశాడు.

“పంతొమ్మిది తిరిగొచ్చాయి మేడం. నేను నొక్కలేదు. ఫోను చూస్తున్నాను.”

ఆవిడ కలం ఆగింది. “నేను చూడలేదుగా. ఎందుకు చెప్తున్నావు?”

“ఆ రోజూ ఫోనే చూస్తున్నాను.” మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి. “ఎండా లేదు, పాడూ లేదు. నా కళ్ళు రోడ్డు మీద ఉంటేగా ఎండ కొట్టడానికి! ఎవడో జోకు పంపితే చదువుతున్నాను. నవ్వుతున్నాను కూడా మేడం. తలెత్తేసరికి సైకిల్ ఉంది.”

అప్పుడొచ్చింది ఏడుపు. ఇన్నాళ్ళదీ కలిపి వచ్చింది. వెక్కివెక్కి ఏడ్చాడు. మేడం ఊరుకోమని అనలేదు. కలం కింద పెట్టి, ట్యాంకు వైపు తిరిగి కూర్చుంది. శాలువా మొహం దాకా లాక్కుని కప్పుకుంది. చలికేమో అనుకున్నాడు.

చివరికి కలం అందుకుని, సున్నా కొట్టేసి పంతొమ్మిది వేసింది. పక్కన మొత్తం పన్నెండు అని రాసింది. గంటల దగ్గర మూడొందలు వేసి సంతకం పెట్టింది.

“గంట పోలేదా మేడం?”

“పేజీ మూయకముందు చెప్తే అది తప్పు కాదు. సవరణ.” గంటల కాగితం అతని చేతికిచ్చింది.

ఇద్దరూ మంచె దిగారు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. జైలు తప్పింది. సంతోషం మాత్రం ఆవగింజంత కూడా కలగలేదు.

“ఈ మాట ఆ పిల్ల అమ్మకీ నాన్నకీ చెప్పాలి మేడం. కోర్టుకి వాళ్ళు రాలేదు, మొహాలు కూడా తెలీవు. ఇల్లెక్కడో లాయరు చెప్పట్లేదు. మీరేమైనా కనుక్కోగలరా?”

మేడం తన కారు తలుపు తీసింది. ముందు సీట్లో ఉన్న సంచీ తీసి వెనక్కి పడేసి, అతనికి చోటు చేసింది.

“ఎక్కు, అమ్మకి ఇందాకే చెప్పేశావు, నాన్న ఇంట్లో ఉన్నారు.”