ఎడమ చెవి వెనక

"కదలకు చిట్టీ. తల అటు తిప్పు."

సాయంత్రం ఆరయింది. మేడ మీది వంటింటి కిటికీ పక్కన పీట మీద ఆమె కూర్చుంది. వెనక కుర్చీలో తండ్రి. ఆయనకు చూపు బాగా మందగించింది. ఇప్పుడు పనంతా వేళ్ళదే. నడినెత్తి దగ్గర మొదలుపెట్టి, పాయ పాయగా జుట్టు విడదీస్తూ, మెడ మీదుగా ఎడమ చెవి వెనక్కి వచ్చి ఆగాడు.

"దొరికింది!"

పట్టకారు అందుకున్నాడు.

"మెలిపెట్టకూడదు. నలపకూడదు. చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. దాని తల లోపల ఉండిపోయిందా, మన పని గోవిందే."

ముప్ఫై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన మనిషి. పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు గానీ ఇది మాత్రం మరిచిపోలేదు.

"అబ్బా!" అందామె.

"అయిపోయిందమ్మా. గట్టిగా పట్టుకుంది, మొండిఘటం."

నల్లచుక్కలాంటి పిడుదు పురుగును ముదురు రంగు మందుసీసాలో, స్పిరిట్‌లో పడేసి మూత బిగించాడు. కూతురి చెవి వెనక సబ్బునీళ్ళతో తుడిచాడు. గోడ మీది దేవుడి పటం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"స్వామీ, ఇవాళ చూశాను."

దేవుడు విన్నాడో లేదో, ఆయన మాత్రం కడుపునిండా తిని పసివాడిలా నిద్రపోయాడు.

చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త గుమ్మంలో నుంచుని ఇదంతా చూసింది. ఆవిడ వచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులకు నాలుగు పిడుదులు.

"పాలకేంద్రంలో ఆఫీసు పనన్నావు. కుర్చీలో కూర్చునేదానికి పిడుదులేమిటే?"

"వెనకే పశువుల కొట్టం కదత్తయ్యా. చుట్టూ గడ్డి. నేనంటే వాటికి మహా ఇష్టం." నవ్వింది.

"నవ్వుతావేమే! ఈ ఇంట్లో ఒకదాన్ని మింగింది చాలదా ఆ పురుగు?"

నవ్వు ఆగిపోయింది.

ఆ ఒకతే చిట్టి. ఈమెకు అక్క. ఇరవై రెండేళ్ళ కిందట, తొమ్మిదేళ్ళ వయసులో, నాన్న వెంట పశువుల ఆసుపత్రికి వెళ్ళి దూడలతో ఆడుకునేది. జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఏడోనాడు పెద్దాసుపత్రిలో నర్సు జడ విప్పి చూస్తే, ఎడమ చెవి వెనక రక్తం తాగి బఠాణీ గింజంత ఉబ్బిన పిడుదు. అప్పటికే చెయ్యి దాటిపోయింది.

ఊరి పశువులన్నిటికీ పిడుదులు తీసిన చెయ్యి సొంతబిడ్డ తల ఒక్కసారైనా చూడలేదు. ఆ మాట ఆయన్ను ఎవరూ అనలేదు. ఇప్పుడు మతిమరుపు వచ్చి అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఏడు రోజులు మాత్రం మిగిలాయి. చిన్నకూతురే ఆయనకు చిట్టి అయింది.

"ఆ సీసా ఇలా తే. ల్యాబులో చూపిద్దాం. ఏ రోగం మోసుకొస్తున్నాయో తెలుస్తుంది," అంది మేనత్త.

"వద్దత్తయ్యా."

మేనకోడలు గబుక్కున సీసా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"నీకేమైనా పిచ్చా? ఒళ్ళు వెచ్చబడ్డాక ఏడ్చి ఏం లాభం?"

"నాకేం కాదు. నాన్న చూస్తున్నాడుగా."

ఆదివారం మేనత్త కొంగు బిగించింది. పొద్దున్నే మేనకోడల్ని పట్టుకుని మందుషాంపూతో రెండుసార్లు తలంటింది. పేలదువ్వెనతో దువ్వింది. జడ బిగించి కట్టి, రోజంతా పక్కనే కాపలా కూర్చుంది.

"ఒక్క నిమిషం కిందికి వెళ్ళొస్తానత్తయ్యా."

"గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా. ఇవాళ మీ నాన్నకు ఒక్కటి దొరికితే నా పేరు మార్చుకుంటా."

ఆరయింది. వేళ్ళు నడినెత్తి నుంచి బయల్దేరాయి. ఎడమ చెవి వెనక ఆగాయి. మళ్ళీ నడినెత్తికి వెళ్ళాయి. మళ్ళీ చెవి వెనక్కి.

"ఏం లేవన్నయ్యా! అద్దంలా ఉంది తల," అంది మేనత్త సంబరంగా.

"ఉంది. ఎక్కడో ఉంది. నాకే దొరకడం లేదు."

ఏడయింది. ఎనిమిదయింది. ఆమె మాడంతా ఎర్రగా కందిపోయింది.

"చిట్టీ, జ్వరమొచ్చిందా తల్లీ? ఒళ్ళు కాలుతోందా? నేను చూళ్ళేదు... సరిగ్గా చూళ్ళేదమ్మా..."

డెబ్భై ఏళ్ళ మనిషి రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. దేవుడి పటం వైపు కన్నెత్తి చూడలేదు.

"లేకపోతే సంతోషించాలి గానీ ఈ ఏడుపేమిటే?" అంది మేనత్త.

మేనకోడలు పీట మీద నుంచి లేవకుండా, తండ్రి చేతులకు తల అందిస్తూ అలాగే కూర్చుంది.

మర్నాడు సాయంత్రం ఆరు కాకముందే మేనత్త పేలదువ్వెన పట్టుకుని మేడమెట్ల పైన నుంచుంది. రాత్రంతా ఆలోచించి ఒక నిశ్చయానికి వచ్చింది. అన్నయ్య ఏడ్చినా సరే, ఈ పిల్లయినా బతకాలి. లోపల అడుగు పెట్టకముందే మెట్ల మీదే తల దువ్వి పంపాలి.

కింద చెప్పుల చప్పుడు వినిపించింది. సగం మెట్లెక్కి ఆగిపోయింది.

మేనత్త వంగి చూసింది.

మెట్ల మలుపులో చేతిసంచీ కింద పెట్టి, చిన్న అద్దంలో చూసుకుంటూ, ఎండిన బొప్పాయి గింజకు ఒక చుక్క జిగురు రాసి, మేనకోడలు దాన్ని ఎడమ చెవి వెనక జాగ్రత్తగా అంటించుకుంటోంది.