మెరుగు మాస్టారు

"గడ్డం కొంచెం ఎత్తమ్మా. ఆఁ... చాలు," అన్నాడు మెరుగు మాస్టారు.

ఆ వీధివాళ్లు ఆయనకి పెట్టిన పేరది. నలభై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. మొటిమలు, గాట్లు, కళ్ల కింద నలుపు, ఏదైనా సరే, ఆయన చెయ్యి పడితే మాయం. "దేవుడు తొందరలో వదిలేసినవి నేను సరిచేస్తా" అని మీసం దువ్వుకునేవాడు.

స్టూలు మీద కూర్చున్న టీచరమ్మకి ఎడమ కంటి కింద కమిలిపోయి ఉంది. లైటు వెలుగులో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ఫోటో తీయగానే మాస్టారు అలవాటుగా కంప్యూటర్ ముందు చేరి మౌస్ అందుకున్నాడు.

"రెండు నిమిషాల్లో చెరిపేస్తా. ఆనవాలు కూడా ఉండదు."

"వద్దు. ఉన్నది ఉన్నట్టే కావాలి."

ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. మాస్టారు తెల్లబోయి చూశాడు.

"పాతవీ కావాలి. ఏటా పెళ్లిరోజున దిగినవి. మీరు బాగుచెయ్యక ముందువి."

తీసిన ఏ ఫోటోనీ మాస్టారు పారెయ్యడు. ఆయనకి అదొక గర్వం. ఆరేళ్లవి ఆరూ తెర మీదికి తెచ్చాడు. ఒకదాంట్లో పెదవి చిట్లింది. ఇంకోదాంట్లో చెంప వాచింది. మరోదాంట్లో మెడ మీద వేళ్ల గుర్తులు. దిగిన ప్రతిసారీ ఆమె భర్త "నలుగురూ చూసేది, శుభ్రంగా చెయ్యండి" అనేవాడు. మాస్టారు శుభ్రంగానే చేశాడు.

"మెట్ల మీద జారిపడ్డానన్నావు కదమ్మా..."

"మా ఇంటికి మెట్లు లేవు. ఆ సంగతి మీకూ తెలుసు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అతను కోపిష్టి అనుకున్నా. ఉద్యోగం పోయిన చిరాకనుకున్నా. సర్దుకుపొమ్మన్నా. ఇప్పుడు పోలీస్ స్టేషన్ అంటే నలుగురూ ఏమనుకుంటారో..."

"ఆరేళ్లు నలుగురి కోసమే నవ్వాను. మీరూ నలుగురి కోసమే చెరిపారు. ఇక చాలు."

ఆమె నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కమిలిన ఆ ముఖం ఇంత అందంగా ఎన్నడూ కనిపించలేదు మాస్టారికి. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా గర్వంతో గుండె నిండిపోయింది.

ఏడు ఫోటోలూ ప్రింట్ తీసి, వెనక స్టూడియో ముద్ర కొట్టాడు. ఆమె సంచిలోంచి లాయరు ఇచ్చిన కాగితం తీసింది.

"ఇవి మీరు తీసినవేననీ, ఏమీ మార్చలేదనీ రాసివ్వాలి. కోర్టుకి రమ్మంటే రావాలి."

"వస్తా. తలెత్తుకుని వస్తా."

మాస్టారు కాగితం ముందుకు లాక్కున్నాడు. తన పేరు రాశాడు. వృత్తి రాశాడు. దాని కింద 'ఫోటోలోని వ్యక్తితో సంబంధం' అని ఇంకో గడి ఉంది.

అక్కడ 'కన్నతండ్రి' అని రాశాడు.