నాస్తికుడి మూడు మాలలు

ప్రొద్దుటూరులో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే ఆదినారాయణ నల్లపంచె కట్టుకొని వచ్చి అంగడి తెరిచాడు. పక్కన టీ కాచే నాసిర్ పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

ఎట్లా చూసుకుంటాడు? దేవుడు లేడని ఇరవై ఏళ్లుగా బజారంతా కొట్లాడిన మనిషి. పెళ్లాం అలివేలుమంగ దీపం పెడితే కరెంటు లేదా అని అడిగిన మనిషి. ఆ మెడలో అయ్యప్ప మాల.

"ఏంది మామా ఈ వేషం?"

"మా ప్రవీణ్‌గాడు గంజాయి తాగుతాండాడంట. వాడే చెప్పినాడు."

"దానికి నీకు మాలేంది?"

"'నువ్వు మాలేసుకుంటే నేను మానుకుంటా' అన్న్యాడు. సచ్చినా వేసుకోనని వాని ధైర్యం. వేసుకున్న్యా."

ప్రవీణ్‌కు పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం. అదే వీధిలో ఒక పిల్లోడు గంజాయికి మరిగి పిచ్చాసుపత్రి పాలయ్యాడు. ఉన్న ఒక్క కొడుకూ అట్లా కాకూడదు. ఆదినారాయణకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

నలభై ఒక్క రోజులు. తెల్లారకముందే చన్నీళ్లు. చెప్పుల్లేవు, నీచు లేదు, మందు లేదు, పరుపు లేదు. పెళ్లాం "స్వామీ" అంటే పళ్లు నూరేవాడు. కొడుకు వచ్చి తన కాళ్లకు మొక్కితే మాత్రం, వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయేమోనని వంగి చూసేవాడు.

శబరిమల పోయొచ్చి మాల తీశాడు. గంటకే ప్రవీణ్ వచ్చి నిలబడ్డాడు.

"మళ్లా మనసు లాగుతాంది నాయనా."

మర్నాడే శివమాల. శివరాత్రి అయింది. మళ్లీ లాగింది. ఈసారి ఆంజనేయమాల.

జమ్మలమడుగు గురుస్వామికి నవ్వు ఆగలేదు. "దేవుడు లేడంటివి కదప్పా?"

"లేడు. మాల వేయి."

రోజూ సాయంత్రం సీసా ముందు కూర్చునే జతగాళ్లు ఫోన్లు చేయడం మానేశారు. నాసిర్ ఒక్కడే మిగిలాడు, ఎగతాళికి. "ఇంగ ఏ దేవుడు మిగిలినాడు మామా? మా దర్గాకు గూడా వస్తావా?"

"వాడు మానుతాడంటే యాడికైనా వస్తా."

ఆంజనేయమాల తీయడానికి ఆదినారాయణ పులివెందుల బస్సెక్కి గండి ఆంజనేయుడి గుడికి పోయిన పూట, అలివేలుమంగ కొడుకును వంటింట్లో నిలదీసింది.

"ముగ్గురు దేవుళ్లయినారు. నిజం చెప్పురా. ఇంగా లాగుతాందా?"

ప్రవీణ్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"గంజాయి ఎట్లుంటాదో నేను చూసిందే లేదు గానీ, నాయన మందు మాని ఐదు నెల్లయింది, నువ్వు ఊరికే ఉండుమా."