ఎవరూ లేని మనిషి

"ఇందులో ఆలోచించేదేముంది, చీటీలు వేద్దాం. ప్రొఫెసరుగారి పుస్తకం చెప్పేదీ అదేగా," అన్నారు రిటైరైన జడ్జిగారు.

ఆసుపత్రి మీటింగు గదిలో అందరూ ప్రొఫెసరు వైపు తిరిగారు.

మిగిలింది ఒక్కటే వెంటిలేటర్. రోగులు ఇద్దరు. ఇద్దరిదీ ఒకే జబ్బు, ఇంచుమించు ఒకే వయసు. రోగుల పేర్లు గానీ, ఇంటి సంగతులు గానీ, ఎవరికి పెట్టాలో తేల్చే ఈ కమిటీకి తెలియకూడదన్నది ప్రొఫెసరు పెట్టించిన నియమమే. రోగి ఎవరికైనా బంధువైతే ఆ సభ్యుడు లేచి వెళ్లిపోవాలన్నదీ ఆయనదే. న్యాయం గురించి ఆయన రాసిన పుస్తకం చూసే ఆసుపత్రివాళ్లు ఆయన్ని ఏరికోరి తెచ్చుకున్నారు.

పొద్దున వదిన ఫోన్ చేసింది. వీధి చివరి డాక్టరు వెంటిలేటర్ పెట్టాల్సిందేనన్నాడని, అన్నయ్యను ఈ ఆసుపత్రికే తెచ్చామని చెప్పి ఏడ్చింది. లేవాల్సిన మనిషి మీటింగు మొదలైనప్పటి నుంచీ కుర్చీకి అతుక్కుపోయి కూర్చున్నాడు. అన్నయ్య లేని ఇంటిని ఆయన ఊహించుకోలేకపోతున్నాడు.

"వాళ్ల కోసం బయట ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు చివరికి.

వార్డు చూసే డాక్టరమ్మ తెల్లబోయింది. అలా అడగకూడదని ఆమెకు నేర్పింది ఆయనే. అయినా పెద్దాయన అడిగారు కదా అని చెప్పింది. "మొదటాయన భార్య వార్డు బయటే కూర్చుని ఏడుస్తోంది సార్. రెండో ఆయనకు ఎవరూ లేరట. ఒక్కడే వచ్చాడు."

ప్రొఫెసరుకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే చీటీలెందుకు? మొదటాయన పోతే ఒక ఇల్లు కూలిపోతుంది. రెండో ఆయన పోతే ఏడ్చేదెవరు?"

"దిక్కులేనంత మాత్రాన ఒకరి ప్రాణం చులకన కాదని రాసింది మీరే కదండీ," అన్నారు జడ్జిగారు.

"రాసినప్పుడు పొరపాటు పడ్డాను."

ఆ మాట అన్నందుకు ఆయనకే సిగ్గేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. రాసిన మనిషే కాదంటుంటే జడ్జిగారు మాత్రం ఏమంటారు? చివరికి చేయెత్తారు. మిగతావాళ్లూ ఎత్తారు. డాక్టరమ్మ ఎవరి మొహమూ చూడకుండా వార్డుకు వెళ్లిపోయింది.

వదినకు ఈ కబురు తనే చెప్పాలని ప్రొఫెసరు గబగబా మెట్లు దిగాడు. ఆమె గేటు బయట రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"ఇక్కడున్నావేంటి వదినా? అన్నయ్యకు గండం గడిచింది. పద, లోపలికి వెళ్దాం."

"నేనసలు లోపలికి రాలేదయ్యా," అంది వదిన కళ్లు తుడుచుకుంటూ. "రోగుల్లో మనవాళ్లున్నారని తెలిస్తే నువ్వు లేచి వెళ్లిపోవాలట కదా. అందుకే 'నాకెవరూ లేరని చెప్పుకుంటాను, కమిటీలో తమ్ముడుంటే న్యాయం జరుగుతుంది' అని ఒక్కరే వెళ్లారు మీ అన్నయ్య."