ఆఖరి దెబ్బ

చావుడప్పు ఒకసారి మొదలైతే ఆఖరి దెబ్బ పడేదాకా పోయినవాళ్లు ఇల్లు వదలరని పెదబయలు పైన కొండల్లో ఉన్న ఓ ఊరి నమ్మకం. విశాఖలో కంప్యూటర్ మీద పాటలు కట్టే శివకుమార్‌కు ఆ సంగతి తెలుసు. అయినా, ఆ ఊళ్లో కనక అనే ఆమె తండ్రి పోయిననాడు రికార్డు చేసిన డప్పులోంచి ఆఖరి దెబ్బ కోసేశాడు. మిగిలినదాన్ని ఆగకుండా తిరిగేలా అతికించి, కీబోర్డు కలిపి ఆన్‌లైన్‌లో పెట్టాడు. దానికి ఊళ్లకు ఊళ్లు గంతులేశాయి.

మరో పాటకు డప్పు కావాలని ఇప్పుడు మళ్లీ వచ్చాడు. చీకటి పడింది. కనక ఇంటి అరుగు మీద కూర్చున్నాడో లేదో, ఇంట్లోంచి డప్పు వినిపించింది.

"లోపల ఎవరు వాయిస్తున్నారమ్మా?"

"ఎవులూ లేరు బాబూ. డప్పు అదిగో, సూరుకే ఏలాడతంది," అంది కనక.

శివకుమార్ చెవి పెట్టి విన్నాడు. ప్రతి చుట్టులోనూ ఒకేచోట సన్నగా టిక్కుమంటోంది. అది తను అతికించిన చోటు.

కనక గొంతు తగ్గించింది. "మా అయ్య ఇంకా ఎల్లనేదు బాబూ. నీ పాటలో నేని ఆ ఆకరి దెబ్బ తెచ్చినావేటి?"

కోసిన ముక్కను అతను ఆనాడే చెరిపేశాడు.

లోపల డప్పు మళ్లీ మొదటికొచ్చింది.