‘అ’ దగ్గర ఆగిన నోరు

“ముందు ఆ మాట పూర్తి చేయించండి డాక్టరమ్మా, దవడ సంగతి తర్వాత!” అంది భార్య.

“దవడ కూర్చుంటేనే కదమ్మా మాట వచ్చేది,” అంటూ ఫిజియోథెరపీ డాక్టరమ్మ బొటనవేళ్ళకు కట్టుగుడ్డ చుట్టుకుంది.

భర్త నోరు తెరుచుకుని బల్ల మీద కూర్చున్నాడు. పొద్దున పోట్లాటలో “నువ్వు నాకు అ...” అని అరిచేసరికి దవడ కీలు జారి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అప్పటినుంచీ ఆవిడ తిడుతూనే అతని చొంగ తుడుస్తోంది. పెళ్ళయ్యాక ఎదురు చెప్పకుండా అతను ఇన్ని తిట్లు తినడం ఇదే మొదలు.

“ఈయనగారు ‘అక్కర్లేదు’ అనబోయారు. అదే అయితే ఇటునుంచి ఇటే మా అన్నయ్య ఇంటికి పోతాను.”

డాక్టరమ్మ వెనక పళ్ళ మీద వేళ్ళు ఆనించి, కిందికి నొక్కి వెనక్కి నెట్టింది. టక్కుమంది. నోరు మూసుకుంది.

“ఊఁ, కానివ్వండి. నేను మీకు?”

అతను అనబోయింది ‘అక్కర్లేదు’ అనే. ఇంకా నాలుక చివరే ఉంది. ఆవిడ చేతిలోని తడిసిన తువ్వాలు చూసి అతను ఆ మాట మింగేశాడు.

“అ... అవసరం.”

“కంచం విసిరికొట్టి మరీ చెప్పారా ఆ ముక్క?”

“ఊఁ.”

ఆవిడ అదే తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది.

“దవడ బాగానే అతికించారు డాక్టరమ్మా, అబద్ధమే అతకలేదు. పదండి, ఇంటికి పోదాం.”