ఏడుపురాణి

"ఏడవ్వే తల్లీ! రేపే నాటకం!" అంటూ డ్రామా మాస్టారు తల పట్టుకున్నారు.

బడి అంతా ఏడుపురాణి అని పిలిచే ఆ పిల్లకు ఇవాళ ఒక్క చుక్కా రాలేదు. రోజూ ఆకలి సీనులో బ్రెడ్డు ముక్క కొరికితే చాలు, కళ్ళు జలజలా కారేవి. ఇవాళ ఆ బ్రెడ్డును స్నేహితురాలు తెర వెనక గుటుక్కున మింగేసి, బదులుగా అరటిపండు పెట్టింది.

"అరటిపండుతో మూడ్ రావట్లేదు మాస్టారూ!"

పక్కన కూర్చుని నాటకం బట్టలు కుడుతున్న నర్సుగా పనిచేసే ఆ పిల్ల మేనత్త సూది ఆపింది. "బ్రెడ్డు తింటే ఏమవుతుందే?"

"పాత్రలో లీనమైపోతా అత్తా! కళ్ళూ ముక్కూ కారతాయి, పెదాలు ఉబ్బుతాయి, గొంతు బిగుసుకుంటుంది."

"మొన్న కేకు తిని ఒళ్ళంతా దద్దుర్లు తెచ్చుకున్నావుగా, అప్పుడు ఏ పాత్రలో లీనమయ్యావు?"

స్నేహితురాలు పగలబడి నవ్వింది. అత్త నవ్వలేదు.

"నీకు గోధుమ పడట్లేదే పిచ్చిమొద్దూ! గొంతు బిగుసుకోవడమంటే ఆటలు కాదు. పద డాక్టరు దగ్గరికి. ఇక బ్రెడ్డూ కేకూ ముట్టుకున్నావంటే చూడు!"

"అంటే ఇన్నాళ్ళూ ఏడిపించింది బ్రెడ్డేనా? నాకు నటనే రాదా?"

ఏడుపురాణి పెదవి వణికింది. కళ్ళు నిండి, అరటిపండు మీద టప్పున ఓ చుక్క పడింది.

మాస్టారు కుర్చీలోంచి ఎగిరి గంతేశారు. "అదే! రేపు కూడా అచ్చం ఇలాగే!"

ఏడుపురాణి గబగబా పెదాలు తడిమి చూసుకుంది. వాపు లేదు, దురద లేదు. ఈ కన్నీళ్ళు అచ్చంగా తనవే! ఇక నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు.